కరువు ఊరందరిది, ప్రమాదం ఒక్క ఇంటిదేనా?



మన అనంతపురం మెట్ట ప్రాంతంలో కష్టం అనే మాటకు మొదటి అర్థం కరువు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. ఆ కొద్దిపాటి వాన కూడా పడవలసినప్పుడు పడదు. 1876-78 నాటి ధాతు కరువు గురించి మన ముత్తాతలు చెప్పుకున్నారు. 1952లో గంజి కేంద్రాల ముందు వరుసగా కూర్చున్న రోజుల గురించి మన పెద్దలు చెప్పారు. ఆ మాటలన్నిటిలోనూ ఒక విశేషం గమనించండి. ఎవరూ ‘నా కరువు’ అని అనలేదు. ‘ఆ ఏడు కరువు వచ్చింది’ అనే అన్నారు. కరువు ఊరందరిది. అందరి చేలూ ఒకేసారి ఎండుతాయి, అందరి పశువులకూ ఒకేసారి మేత కరువవుతుంది. కాబట్టి కరువులో బాధ ఉంటుంది కాని సిగ్గు ఉండదు.

ప్రమాదం అలాంటిది కాదు. సంతకు పోయి వస్తున్న మోటారు సైకిలును రాత్రి పూట లారీ తగులుతుంది. కూలి ఆటో బోల్తా పడుతుంది. ట్రాక్టరు ఇంజను పైకి లేస్తుంది. ఊరంతా మామూలుగానే ఉంటుంది, వానా పడుతుంది, పక్క చేనిలో గొర్రు కూడా తిరుగుతుంది. ఒక్క ఇంట్లో మాత్రం పొద్దు ఆగిపోతుంది. ఆ ఇంటికి బాధతో బాటు ఒంటరితనమూ సిగ్గూ వచ్చి చేరతాయి. వాటి వెనుక ‘మాకే ఎందుకిట్లా?’ అనే ప్రశ్న, ఆపై అప్పు.

నేడు మన పాఠం దీని గురించే. ఐదారెకరాల మెట్ట, రెండు పాడి ఆవులు, నాలుగు జీవాలు ఉన్న చిన్న సంసారం వాహన ప్రమాదం తర్వాత ఎలా నిలబడాలి? ఆ ఇంటి పక్కన మనం ఎలా నిలబడాలి?

దూరపు సంగతి కాదు

2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి దగ్గర కూలికి పోతున్న ఆటో మీద విద్యుత్ తీగ పడి ఐదుగురు ఆడకూలీలు మంటల్లో ప్రాణాలు కోల్పోయారు. 2024 నవంబర్ 23న గార్లదిన్నె మండలం తలగాసిపల్లి దగ్గర, పని ముగించుకుని ఇంటికి మరలిన కూలీల ఆటోను బస్సు ఢీకొని, పుట్లూరు మండలం ఎల్లుట్ల గ్రామానికి చెందిన ఏడుగురు ఆ రోజే మరణించారు. ఇవి పత్రికలకు ఎక్కినవి. కాలు విరిగి ఆరు నెలలు మంచం పట్టిన రైతు పేరు, నడుము దెబ్బతిని కలుపు తీయలేకపోతున్న తల్లి పేరు పత్రికలకు ఎక్కవు. కాని అటువంటి ఇల్లు లేని విచారణ మన ప్రాంతంలో అరుదు. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ జాతీయ రహదారి మన పొలాల మధ్యనే సాగుతున్నది. ఆ వేగానికీ మన ఎడ్లబండి నడకకూ మధ్య ఎక్కువ దూరం లేదు.

‘మాకే ఎందుకు?’

మొదట ఈ ప్రశ్ననే తీసుకుందాం. దీనికి సరైన జవాబు దొరకకపోతే ఇంట్లో తప్పుడు జవాబులు తిష్ట వేస్తాయి. ‘కొత్త కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదు’ అంటారు. ‘ఎవరి దిష్టో తగిలింది’ అంటారు. ‘ఫలానా మొక్కుబడి తీర్చలేదు’ అంటారు. అట్లా విరిగిన కాలితో బాటు ఇల్లు కూడా విరుగుతుంది.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ యాదృచ్ఛికతను వివరించడానికి ఒక చిన్న ఉదాహరణ ఇచ్చాడు. ఒకడు వేరే పని మీద అంగడికి పోతాడు. అక్కడ తనకు బాకీ ఉన్నవాడు ఎదురవుతాడు. ఇద్దరూ అక్కడికి రావడానికి ఎవరి కారణం వారికి ఉంది. వారి కలయికను మాత్రం ఎవరూ ఉద్దేశించలేదు. ఆరవ శతాబ్దంలో చెరసాలలో మరణం కోసం ఎదురుచూస్తూ గ్రంథం రాసిన బొయేతియుస్ ఈ ఉదాహరణను పొలంలోకి తెచ్చాడు. ఒకడు బంగారం పాతిపెట్టాడు, మరొకడు సేద్యం కోసం అక్కడే తవ్వాడు. రెండు పనులకూ కారణాలున్నాయి, రెండూ ఒకచోట కలవడమే యాదృచ్ఛికం.

వాహన ప్రమాదాన్ని ఈ వెలుగులో చూడండి. లారీ ఆ వేళ ఆ మలుపులోకి రావడానికి ఒక కారణం ఉంది. మనవాడు మందుల అంగడి నుంచి ఆ వేళకే బయలుదేరడానికి మరో కారణం ఉంది. రెండు దారులు ఒక క్షణంలో తగులుకున్నాయి. ఇందులో మూడు మాటలను వేరు చేసుకోవాలి: కారణం, తప్పు, శిక్ష. ప్రతి ప్రమాదానికీ కారణం ఉంటుంది. చాలా ప్రమాదాలలో ఎవరిదో ఒకరి తప్పు కూడా ఉంటుంది: అతివేగం, మద్యం, వెనుక దీపం లేని ట్రాలీ. ఆ తప్పును తేల్చవలసినవారు పోలీసులు, న్యాయస్థానం. జాతకం చెప్పేవాడు కాదు. ఇక మూడవది, శిక్ష. గాయపడినవానికి దేవుడు వేసిన శిక్ష అది అని చెప్పే అధికారం మనకెవరికీ లేదు. సిలోయములో బురుజు కూలి 18 మంది మరణించినప్పుడు, వారు మిగతావారికంటె పాపాత్ములు అనే తలంపును ప్రభువే తోసిపుచ్చినట్లు లూకా సువార్త 13వ అధ్యాయంలో చదువుతాం. ఆయన అననిదాన్ని మనం అనరాదు.

‘మాకే ఎందుకు’ అన్నదానికి సంపూర్ణమైన జవాబు ఈ లోకంలో దొరకకపోవచ్చు. కాని ‘ఇప్పుడు ఏమి చేయాలి’ అన్నదానికి జవాబు ఉన్నది. దానిని వరుసగా చూద్దాం.

మొదటి గంట, మొదటి వారం

ప్రమాదం జరిగిన మొదటి గంట అమూల్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా రోడ్డు మీద గాయపడినవానిని ముట్టుకోవడానికి చాలామంది జంకుతారు. ‘కేసులో ఇరుక్కుంటామేమో’ అని భయం. ఈ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. గాయపడినవారికి సాయపడినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణలో 134-ఏ సెక్షను చేరింది. మంచి మనసుతో సాయపడినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయరాదు.

ఖర్చు విషయం. 2025 మే నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి అమలులో ఉంది. వాహన ప్రమాదంలో గాయపడినవారికి, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స చేయాలి. రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో నడుస్తున్న పథకం కూడా ఉన్నది. ఆసుపత్రిలో చేర్చిన రోజే ఈ రెండింటి గురించి అడగండి. అడగడానికి సిగ్గుపడి, బయటికి వచ్చి సావుకారు గడప తొక్కేవారు చాలామంది.

మరొక మాట. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోవడం మనవారికి తరాలుగా అలవాటు. ఆ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. కాని ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినా, వేళ్లు చల్లబడి స్పర్శ తెలియకపోయినా, తలకు లేదా వెన్నుకు దెబ్బ తగిలినా ముందుగా పోవలసింది శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికే. అక్కడ పోగొట్టుకున్న పూట తిరిగి రాదు.

మొదటి వారంలోనే ఒక సంచి పెట్టుకోండి. అందులో పోలీసు స్టేషనులో నమోదైన ఎఫ్.ఐ.ఆర్. నకలు, డాక్టరిచ్చిన గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి కాగితం, ప్రతి మందు బిల్లు, ఢీకొన్న వాహనం నంబరు, ఇరుపక్షాల వాహనాల బీమా, లైసెన్సుల వివరాలు ఉండాలి. ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉంటే ఆ సంచి బాధ్యత ఆమెకు అప్పగించండి. ఎవరైనా వచ్చి 20,000 చేతిలో పెట్టి ఖాళీ కాగితం మీద వేలిముద్ర అడిగితే వేయవద్దు.

చేతుల లెక్క

ఇప్పుడు ఇంటికి వద్దాం. ఉదాహరణకు ఒక సంసారం అనుకుందాం. భర్త, భార్య, ముసలి తల్లి, పదో తరగతి చదివే కొడుకు. భర్తకు తొడ ఎముక విరిగింది. పని చేసే చేతులు ఇద్దరివి ఉండేవి. ఇప్పుడు అవి ఒక్కరివి కాలేదు, అంతకంటె తగ్గాయి. ఎందుకంటే మంచాన ఉన్నవానిని చూసుకోవడానికి మరో మనిషి కావాలి. కాని పని తగ్గలేదు. ఆవులు పాలు ఇస్తూనే ఉంటాయి, కలుపు పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ చాలా ఇళ్లు ఒక పొరపాటు చేస్తాయి. పనిని తగ్గించకుండా ఆస్తిని తగ్గిస్తాయి. నెల తిరగకుండానే ఎకరా అమ్ముతారు. తర్వాత ఆలోచిస్తారు. వరుస దీనికి తలకిందులుగా ఉండాలి.

ముందు వాయిదా వేయదగినవి వాయిదా వేయాలి. ఇంటి మరమ్మతు, కొత్త బోరు, పండుగ ఖర్చు, పెండ్లి మాటలు ఏడాది ఆగవచ్చు. రెండవది, పనిని పంచాలి. ఒక ఎకరా రెండెకరాలు పక్కవారికి కోరుకో గుత్తకో ఇవ్వవచ్చు. గడువు, పంట వాటా కాగితం మీద రాసుకోండి. అన్నదమ్ములైనా సరే రాసుకోండి, రాసుకుంటేనే అన్నదమ్ములుగా మిగులుతారు. మూడవది, తాకట్టు. బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి. నాలుగవది, తినడమే గాని ఇవ్వనిది అమ్మాలి. వట్టిపోయిన పశువును ముందు, పాలిచ్చే ఆవును చివర. భూమిని ఈ వరుసలో అన్నిటికంటె అడుగున పెట్టండి.

ఈ వరుసలో అసలు చేరకూడనిది ఒకటి ఉంది. అది కొడుకు బడి. ‘ఈ ఒక్క ఏడాది చేనికి రానీ, వచ్చే ఏడు పంపుదాం’ అంటారు. బడి మానిన పిల్లవాడు మళ్లీ వెనక్కు పోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. బడి మాన్పించడం కూడా ఆస్తి అమ్మడమే. పైగా అతి తక్కువ ధరకు అమ్మడం.

అప్పు లెక్క కూడా ఒకసారి వేద్దాం. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి వడ్డీ 36,000. వడ్డీ కట్టలేక అసలులో కలిపితే రెండవ ఏడు చివరకు బాకీ 1,84,960. మన మెట్టలో ఐదెకరాల వేరుశనగ ఈ బాకీని తీర్చగలదా? వాన పడితే తీరుస్తుందేమో. వానను హామీగా పెట్టి అప్పు తేవడం మనకు తెలిసిన పనే, దాని ఫలితమూ మనకు తెలిసినదే.

ప్రత్యామ్నాయ పంట

మన చేలే మనకు ఒక పాఠం నేర్పుతాయి. జూన్, జూలైలలో వాన తప్పితే వేరుశనగ అదను పోతుంది. అప్పుడు రైతు ఏమి చేస్తాడు? చేను వదిలి పారిపోడు. ఆగస్టులోనో ఆ తర్వాతో నాలుగు చినుకులు పడితే ఉలవలు చల్లుతాడు, జొన్న, అలసంద వేస్తాడు. వేరుశనగంత డబ్బు రాదు. కాని పశువు మేస్తుంది, పొయ్యి మీద ఉలవచారు కాగుతుంది, చేను బీడు పడదు. అది ఓటమి కాదు, ఆ ఏటికి తగిన సేద్యం.

ప్రమాదం జరిగిన ఏడు ఇల్లు కూడా ప్రత్యామ్నాయ పంట వేయాలి. వేరుశనగకు విత్తనం ఖర్చు ఎక్కువ, పని ఎక్కువ. ఆ ఏటికి సగం చేనిలో కంది, కొర్ర వంటివి వేసి పని తగ్గించుకోవచ్చు. అక్టోబరు, నవంబరులలో, కోత సమయంలో ప్రమాదం జరిగితే మాత్రం ఆగడానికి వీలులేదు. నేల గట్టిపడితే కాయ మట్టిలోనే తెగి ఉండిపోతుంది. అదే సమయం, ఊరివారి సాయం అన్నిటికంటె విలువైన సమయం.

మంచాన ఉన్నవాని సంగతి ఏమిటి? మెట్ట రైతుకు అతిపెద్ద గాయం ఎముకకు తగిలింది కాదు. ‘ఇక నేను దేనికీ పనికిరాను’ అన్న తలంపు. చాలామంది సారాలోకి జారేది ఇక్కడే. ఇంటివారు ప్రేమతోనే ఒక తప్పు చేస్తారు. ‘నువ్వు పడుకో, మేము చూసుకుంటాం’ అని ఏ సంగతీ అతనికి చెప్పరు. చెప్పండి. ఏ చేనిలో ఏమి వేయాలో అడగండి. లెక్కల పుస్తకం అతని చేతిలో పెట్టండి. విత్తనపు కాయ వలిచే పని కూర్చుని చేసేది, చేతులతో చేసేది. కాలు లేకున్నా ఆ పని ఆగదు. తానొలిచిన గింజ మొలకెత్తిందని విన్ననాడు ఆ మనిషి సగం లేచినట్టే.

కాలు పూర్తిగా పోయినా సేద్యం పోయినట్టు కాదు. 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీ కలిసి రూపొందించిన కృత్రిమ కాలు మన దేశపు రైతులను దృష్టిలో పెట్టుకున్నదే. దానితో గొంతుకూర్చోవచ్చు, చెప్పు లేకుండా నడవవచ్చు, తడి నేలలో దిగవచ్చు. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి మిగిలిపోతే సదరం శిబిరంలో ధ్రువపత్రం పొందాలి. 2024 నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అది భిక్ష కాదు, హక్కు.

ఇంటావిడ పడిపోతే

ఇంతవరకు మగవాడు పడిపోయిన ఇంటి గురించి చెప్పుకున్నాం. కూలి ఆటోలలో పోయేవారు ఎక్కువగా ఆడవారే. ఇంటావిడ పడిపోయిన ఇల్లు మరింత త్వరగా కుంగుతుంది. పొద్దున పాలు పిండేది, సంగటి వండేది, కలుపు తీసేది, కోళ్లను మూసేది, సంఘంలో పొదుపు కట్టేది ఆమె. అయినా ‘ఆమెకు సంపాదన లేదు గదా, పరిహారం ఏముంటుంది?’ అనేవారున్నారు. ఇది తప్పు. ఇంటి పనికి విలువ కట్టాలని సుప్రీంకోర్టు 2001 నుంచి చెబుతూ వచ్చింది. 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో మన తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ, గృహిణి శ్రమకు ఆర్థిక విలువ ఉన్నదని ప్రత్యేకంగా వివరించి రాశారు. కోర్టు గుర్తించిన ఈ సంగతిని మన ఇళ్లలో ప్రమాదం జరగకముందే గుర్తిస్తే ఇంకా మంచిది.

హక్కును వదులుకోవద్దు

కొందరు భక్తిపరులు ‘దేవుడు చూసుకుంటాడు, కోర్టులెందుకు’ అంటారు. పగ తీర్చుకోవడం వేరు, పిల్లల అన్నం అడగడం వేరు. క్షమించినవాడు కూడా పరిహారం కోరవచ్చు.

గాయపడినవారు, మరణించినవారి కుటుంబం మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునలులో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు దరఖాస్తు వేయాలి. ఈ గడువు మీద కోర్టులలో వాదాలు నడిచినా, మీరు మాత్రం ఆరు నెలలు దాటనివ్వకండి. ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకుండా పోతే, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం ఉన్నది. దానికి రెవెన్యూ అధికారుల దగ్గర దరఖాస్తు ఇవ్వాలి. వకీలుకు ఇచ్చే శక్తి లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించండి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టం ఇచ్చినది. పరిహారంలో వాటా అడిగే దళారి మీకు అవసరం లేదు.

ప్రమాదానికి ముందే తెలుసుకోవలసినవి కూడా ఉన్నాయి. మూడవ పక్షం బీమా మాత్రమే ఉంటే, ఎవరి ప్రమేయమూ లేకుండా తానే జారిపడిన యజమానికి దాని నుంచి ఏమీ రాదు. యజమాని తానే నడిపేటప్పటి వ్యక్తిగత ప్రమాద బీమా 2018 నుంచి 15 లక్షలు. అది మీ కాగితంలో ఉన్నదో లేదో ఈ రోజే చూడండి. లైసెన్సు లేకుండా నడిపితే అదీ దక్కదు. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవారికి బీమా సంస్థ బాధ్యత వహించనక్కరలేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. కాబట్టి ట్రాలీలో పెండ్లికి పోవడం ప్రాణానికే కాదు, పరిహారానికీ ముప్పు. బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఉంది. మన విచారణలో 18 నుంచి 70 ఏళ్ల లోపు వారంతా దానిలో చేరదగినవారే.

ఒకే పంట ఇల్లు

మన పెద్దలు వేరుశనగ సాళ్ల మధ్య కంది సాలు వేసేవారు. ఒకటి పోతే ఒకటి నిలిచేది. చేనంతా ఒకే పంట అయిన తర్వాత ఒక్క బెట్టకే అంతా పోతున్నది. ఇల్లు కూడా అంతే. బ్యాంకు పుస్తకం ఎక్కడుందో, ఎవరికి ఎంత బాకీ ఉందో, మోటారు ఎలా వేయాలో ఒక్క మగవానికే తెలిసిన ఇల్లు ఒకే పంట వేసిన చేను. అతడు పడితే అన్నీ పడతాయి. భార్యకు లెక్క తెలియాలి. భర్తకు పాలు పిండడం, సంగటి కెలకడం రావాలి. ‘ఏమే, ఈ బాకీ సంగతి నీకెందుకు’ అనే మాట మన ఇళ్లలో వినపడకూడదు.

పరామర్శకు పోయేవారికి

యోబు స్నేహితుల మీద మనకు మంచి అభిప్రాయం లేదు. కాని వారు మొదట ఒక మంచి పని చేశారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. వారు నోరు తెరిచినప్పటి నుంచే తప్పు మొదలైంది. పరామర్శకు పోయినప్పుడు కారణాలు చెప్పకండి. వేరుశనగ కట్టె ఒక మోపు వేసుకొని పోండి. రెండు బిందెల నీళ్లు పోసి రండి.

ఇక యెరికో బాట మీద పడి ఉన్న మనిషి కథ. అందులో మొదట దాటిపోయినవాడు యాజకుడు. అంటే మా వర్గం వాడే. అది మేము మరచిపోరాదు. సమరీయుడు గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రంలో చేర్చాడు, రెండు దీనారాలు ఇచ్చాడు. ఇంతవరకు మనలో చాలామంది చేస్తారు. చివరి మాటే మనం మరచిపోయేది: తిరిగి వస్తానన్నాడు. మిగిలిన ఖర్చు అప్పుడు తీరుస్తానన్నాడు. మొదటి వారం ఇంటి నిండా జనం ఉంటారు. మూడవ నెలలో ఎవరూ ఉండరు. అసలు కష్టం మూడవ నెలలో మొదలవుతుంది. అప్పటికి చేతిలో డబ్బు అయిపోతుంది, కట్టు ఇంకా ఊడదు, కలుపు మోకాలెత్తు అవుతుంది.

ఈ రోజు నీ చేనికి నేను, రేపు నా చేనికి నువ్వు అనే బదులు పని మన పల్లెల్లో ఇంకా పూర్తిగా చావలేదు. పడిపోయిన ఇంటికి ఆ బదులు తీర్చే శక్తి లేకపోవచ్చు. అయినా ఇంటికొక మనిషి చొప్పున పది ఇళ్లవారు ఒక్క పూట దిగితే రెండెకరాల కలుపు పోతుంది. ఎవరికీ భారం కాదు. కరువును మనం ఊరందరిదిగా మోశాం గనుకనే ఈ మెట్టలో ఇన్ని తరాలు బ్రతికాం. ప్రమాదాన్ని కూడా అట్లాగే మోస్తే, అది ఒక్క ఇంటి గోడల మధ్య పెరిగి ఆ ఇంటిని మింగదు.

కుటుంబంలో కలిసి చర్చించుకొనుటకు

1. మన ఇంటి బాకీలు, బ్యాంకు పుస్తకాలు, భూమి కాగితాలు, వాహనపు బీమా ఎక్కడున్నాయో ఇంట్లో ఎంతమందికి తెలుసు?

2. మన ఇంట్లో ఒక్కరికే వచ్చిన పని ఏది? దానిని ఈ నెలలో మరొకరికి ఎవరు నేర్పుతారు?

3. రేపు మనకు లక్ష రూపాయల అవసరం వస్తే, పైన చెప్పిన వరుసలో మనం ఏది వాయిదా వేస్తాం, ఏది పంచుకుంటాం, ఏది తాకట్టు పెడతాం?

4. మన వీధిలో మూడు నెలల కిందట ప్రమాదం జరిగిన ఇల్లు ఏది? ఆ ఇంటికి మనం చివరిసారి ఎప్పుడు పోయాం? ఈ వారం ఏ పనికి పోదాం?